క్రియ వెంబడి వచ్చే చిన్న మాట



మీరు పెరంబూరులో ఉంటున్నారనుకోండి. నెల్లూరు నుంచి మీ బావమరిది ఫోనులో ఒక మెసేజ్ పెట్టాడు: 'లీవింగ్ చెన్నై టుమారో మార్నింగ్.' రేపు పొద్దున చెన్నైకి బయల్దేరుతున్నానని చెప్పడం అతని ఉద్దేశం. రాసింది మాత్రం రేపు పొద్దున చెన్నై విడిచి వెళ్తున్నానని. చెన్నై అన్న మాటకు ముందు 'ఫర్' అని ఒక్క ముక్క పడాలి. 'లీవ్ చెన్నై' అంటే చెన్నై నుంచి వెళ్లిపోవడం. 'లీవ్ ఫర్ చెన్నై' అంటే చెన్నైకి బయల్దేరడం. ఊరు అదే, క్రియ అదే, దిక్కు తారుమారైంది. మీరు సెంట్రల్ స్టేషన్‌కు వెళ్లి పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడాలా వద్దా అన్నది ఆ 'ఫర్' తేల్చాలి.

ఇలాంటి మాటలను ఇంగ్లీషు వ్యాకరణంలో ప్రిపొజిషన్లు అంటారు. టు, ఫర్, ఆఫ్, ఆన్, ఇన్, ఎట్, ఫ్రం, విత్. బడికి వెళ్లిన ప్రతివారికీ తెలిసినవే. ఒక్కోదానికి అర్థం అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. చిక్కంతా ఏ క్రియ తరువాత ఏది రావాలన్న దగ్గరే. పెద్ద చదువులు చదివినవాళ్లు, ఓల్డ్ మహాబలిపురం రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పొద్దస్తమానం ఇంగ్లీషులోనే పనిచేసేవాళ్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు. తెలివి చాలక కాదు. ఉగ్గుపాలతో వచ్చిన తెలుగు విభక్తులు మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా లోపల తమ పని తాము చేసుకుపోతుంటాయి.

మన తలలో మనకు తెలియకుండానే ఒక పట్టిక తయారై ఉంటుంది. 'కి' అంటే టు. 'తో' అంటే విత్. 'లో' అంటే ఇన్. 'మీద' అంటే ఆన్. 'గురించి' అంటే అబౌట్. 'నుంచి' అంటే ఫ్రం. తెలుగు వాక్యంలో ఏ విభక్తి ఉంటే దానికి ఎదురుగా ఉన్న ఇంగ్లీషు మాట తీసి పెట్టేస్తాం. ఈ పట్టిక పూర్తిగా తప్పైతే ఏ ఆరో తరగతిలోనో వదిలేసేవాళ్లం. చాలాచోట్ల అది సరిపోతుంది, అందుకే దాన్ని నమ్ముతాం. ఒకరి మీద ఆధారపడటం 'డిపెండ్ ఆన్'. ఒకరి కోసం ఎదురుచూడటం 'వెయిట్ ఫర్'. పోటీలో పాల్గొనడం 'పార్టిసిపేట్ ఇన్'. అన్నీ కుదిరాయి. ఆ ధైర్యంతోనే 'నా మీద కోపంగా ఉన్నాడు' అన్నదాన్ని 'యాంగ్రీ ఆన్ మీ' అనేస్తాం. అక్కడ 'విత్' రావాలి. 'దేవుడి మీద నమ్మకం' అన్నప్పుడు 'బిలీవ్ ఆన్' అంటాం. అక్కడ 'ఇన్' రావాలి. రెండుచోట్లా తెలుగులో 'మీద'యే. ఇంగ్లీషు మాత్రం ఒకచోట 'విత్' అంది, ఇంకోచోట 'ఇన్' అంది.

ఎందుకలా అంది అని పిల్లలు అడుగుతారు. నేనిచ్చే జవాబు ఒకటే. అక్కడ రాజ్యం 'మీద'ది కాదు, క్రియది; యాంగ్రీ లాంటి విశేషణమైతే దానిది. తన తరువాత ఏది రావాలో ఆ మాటే నిర్ణయించుకుంటుంది. మనం వెతకవలసింది విభక్తికి సమానార్థకం కాదు, ఆ క్రియ అలవాటు.

ఈ మాట మనకు కొత్తేమీ కాదు. మన తెలుగు కూడా అచ్చం ఇంతే. 'అతన్ని అడిగాను' అంటాం, 'అతనికి చెప్పాను' అంటాం. అడిగినా చెప్పినా ఎదుట ఉన్నది ఒక మనిషే. మరి ఒకచోట 'ని', ఇంకోచోట 'కి' ఎందుకు? పాముకు భయపడతాం గాని పాముతో భయపడం. బస్సు ఎక్కుతాం, బస్సు దిగుతాం; అక్కడ ఏ విభక్తీ లేదు. పుట్టు తెలుగువాళ్లం గనుక మనకు ఇవేవీ వింతగా తోచవు. పరాయివాడికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో కొండే.

ఆ కొండలు ఎక్కడానికి పరాయివాళ్లు వచ్చిన ఊరు ఈ చెన్నపట్నమే. నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డు అని ఉంది కదా, ఆ పేరు 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ వల్ల వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి ఎల్లిస్ అనే దొర పూనికతో పెట్టిన కళాశాల అది. ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో అక్కడి నుంచే అచ్చయి వచ్చింది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ఆ కాలేజీలోనే. కడపకు వెళ్లింది తరువాత. బ్రౌన్ నిఘంటువు 1852లో మద్రాసులోనే వెలువడింది. వాళ్లు ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చారు, మనం తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోతున్నాం. దారి ఒకటే, ప్రయాణం ఎదురుబొదురు. 'ఆస్క్' అన్న మాటకు 'అడుగు' అని అర్థం రాసుకున్నంత మాత్రాన ఏ దొరకూ తెలుగు వచ్చి ఉండదు. ఆ 'అడుగు' తనకు ముందు 'ని' కోరుతుందని కూడా తెలియాలి.

మెరీనా ఒడ్డున ప్రెసిడెన్సీ కాలేజీ ఉంది. అక్కడ తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో పది పరిచ్ఛేదాలు. సంజ్ఞ, సంధి, తత్సమం, ఆచ్ఛికం అయ్యాక కారక పరిచ్ఛేదం వస్తుంది. క్రియకూ నామానికీ ఉన్న సంబంధాన్ని బట్టి ఏ విభక్తి రావాలో చెప్పడం దాని పని. మన బడుల్లో పిల్లలు విభక్తుల్ని 'డు, ము, వు, లు' అని గుక్కతిప్పుకోకుండా వల్లిస్తారు. కారకం దగ్గరికి వచ్చేసరికి పరీక్షకు ఎంత కావాలో అంతే చదివి వదిలేస్తారు. ఆ పరిచ్ఛేదాన్ని శ్రద్ధగా చదువుకున్న పిల్లవాడికి ఇంగ్లీషు ప్రిపొజిషన్ ఎందుకు తిరగబడుతోందో సగం అప్పుడే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. తెలుగు వ్యాకరణం చక్కగా చెప్పడం ఇంగ్లీషు పాఠానికి అడ్డం కాదు, ఆసరా.

ఇక చెన్నైలో తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా ఎదురుపడే చోటికి వెళ్దాం. అది ఆసుపత్రి. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపుల నుంచి వైద్యానికి ఈ ఊరికి వచ్చే కుటుంబాలు ఎన్నో. అరవం రాదు. డాక్టరుకు తెలుగు రాదు. మధ్యలో ఇంగ్లీషే దిక్కు. తోడుగా వచ్చిన కొడుకో కూతురో తమకు వచ్చిన ఇంగ్లీషులో తండ్రి సంగతి చెప్పాలి.

'నాన్న వారం నుంచి జ్వరంతో బాధపడుతున్నారు.' ఈ వాక్యం ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు 'తో' ఉంది కనుక 'సఫరింగ్ విత్ ఫీవర్' అని వస్తుంది. సఫర్ తరువాత రివాజుగా రావలసింది 'ఫ్రం'. సఫరింగ్ ఫ్రం ఫీవర్. అయితే అదే డాక్టరు రోగం ఫలానా అని తేల్చి చెప్పేటప్పుడు 'డయాగ్నోజ్డ్ విత్ టైఫాయిడ్' అంటారు. అక్కడ 'విత్' సరైనదే. ఒకే రోగి, ఒకే రోగం, ఒకే గది. సఫర్‌కు 'ఫ్రం', డయాగ్నోజ్‌కు 'విత్'.

'నాన్నకు ఆపరేషన్ చేశారు' అన్నది చూడండి. 'దే ఆపరేటెడ్ మై ఫాదర్' అంటారు చాలామంది. ఆపరేట్ అన్న క్రియ వెంట ఏమీ లేకపోతే అది యంత్రాన్ని నడపడం. లిఫ్టును ఆపరేట్ చేస్తారు, క్రేన్‌ను ఆపరేట్ చేస్తారు. మనిషికి శస్త్రచికిత్స చేస్తే 'ఆపరేటెడ్ ఆన్ మై ఫాదర్'. 'కి' ఉంది కదా అని 'టు' పెట్టినా తప్పే.

చికిత్స సంగతీ అంతే. 'టైఫాయిడ్‌కు మందులిచ్చారు' అన్నప్పుడు ట్రీట్ తరువాత జబ్బు పేరుకు ముందు 'ఫర్' వస్తుంది, మందు పేరుకు ముందు 'విత్' వస్తుంది, డాక్టరు పేరుకు ముందు 'బై' వస్తుంది. ఒకే క్రియ మూడు చిన్న మాటలను మూడు పనులకు పెట్టుకుంది. పెన్సిలిన్ పడదు అనాలంటే 'అలర్జిక్ టు పెన్సిలిన్'. అలర్జిక్ క్రియ కాదు గాని ఈ మాట తెలిసి ఉండటం ప్రాణానికే అవసరం గనుక చెబుతున్నాను. డాక్టరును సంప్రదించడానికి మాత్రం ఏ చిన్న మాటా అక్కర్లేదు: 'కన్సల్ట్ ది డాక్టర్', అంతే.

ఆసుపత్రి కేస్‌షీటు మీద పైవరుసలో ఇంగ్లీషు 'సి' అక్షరం, ఒక అడ్డగీత, 'ఓ' అక్షరం కనిపిస్తాయి. కవరు మీద అడ్రసులో అది 'కేర్ ఆఫ్'. కేస్‌షీటులో అది 'కంప్లైన్స్ ఆఫ్'. ఛాతీలో నొప్పి అంటున్నాడు, కళ్లు తిరుగుతున్నాయంటున్నాడు అని దానికి అర్థం. రోగి తన ఒంట్లోని బాధను చెప్పుకుంటే కంప్లైన్ తరువాత 'ఆఫ్'. అదే రోగి గదిలో ఫ్యాను తిరగడం లేదని, భోజనం చల్లారిపోయి వచ్చిందని ఫిర్యాదు చేస్తే కంప్లైన్ తరువాత 'అబౌట్'. డాక్టరు వినవలసింది ఒకటి, మేనేజరు వినవలసింది ఇంకొకటి. రెంటినీ వేరుచేసింది ఆ వెనక మాటే. నాకు తెలిసినంతలో ఇంగ్లీషు ప్రిపొజిషన్ శక్తిని ఇంత స్పష్టంగా చూపించే చోటు ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఆఫీసుకు రండి. అక్కడ గొడవ మరో రకం. అక్కడ మనం తప్పు మాట పెట్టడం తక్కువ, అక్కర్లేని మాట పెట్టడం ఎక్కువ. 'వి డిస్కస్డ్ అబౌట్ ది ప్రాజెక్ట్', 'ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్', 'హి ఎంఫసైజ్డ్ ఆన్ క్వాలిటీ', 'దే ఎంటర్డ్ ఇంటు ది హాల్'. ఈ నాలుగింటిలోనూ అబౌట్, ఫర్, ఆన్, ఇంటు తీసేయాలి. డిస్కస్డ్ ది ప్రాజెక్ట్. రిక్వెస్టెడ్ లీవ్. ఎంఫసైజ్డ్ క్వాలిటీ. ఎంటర్డ్ ది హాల్.

ఇవి ఎందుకు వస్తున్నాయి? 'ప్రాజెక్టు గురించి చర్చించాం', 'సెలవు కోసం అడిగాను', 'హాల్లోకి ప్రవేశించారు' అని తెలుగులో ఉంది గనుక అన్నది ఒక కారణం. రెండోది ఇంగ్లీషులోనే ఉంది. ఇదే మాట నామవాచకమైతే చిన్న మాట అవసరం. 'ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాజెక్ట్', 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్', 'ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ', 'ఎంట్రీ ఇంటు ది హాల్'. ఇవన్నీ ఒప్పే. క్రియగా మారేసరికి ఆ చిన్న మాట రాలిపోతుంది. 'ఎ విజిట్ టు తిరుపతి' అంటాం, 'విజిటెడ్ తిరుపతి' అంటాం. 'యాన్ ఆన్సర్ టు ది లెటర్', 'ఆన్సర్డ్ ది లెటర్'. 'కంట్రోల్ ఓవర్ ది క్రౌడ్', 'కంట్రోల్డ్ ది క్రౌడ్'. 'యాన్ ఆర్డర్ ఫర్ కాఫీ', 'ఆర్డర్డ్ కాఫీ'. మనం నామవాచకంతో వచ్చినదాన్ని క్రియకు కూడా అంటిస్తున్నాం. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే తప్పుల్లో పెద్ద భాగం పోతుంది. అన్ని మాటలకూ ఇది వర్తించదు. డిపెండ్‌కూ ఆన్ కావాలి, డిపెండెన్స్‌కూ ఆన్ కావాలి. అయినా ఉపయోగపడేచోట్లు చాలా ఉన్నాయి.

'డిస్కస్ అబౌట్ అనేది మన భారతీయ ఇంగ్లీషు, దాన్నెందుకు తప్పనాలి?' అని వాదించే పెద్దలున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. భాష వాడేవాళ్లదే. కాఫీ హోటల్లో ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటుంటే నేను వేలెత్తి చూపను. కానీ ఉద్యోగానికి దరఖాస్తు రాసే పిల్లకు, బ్యాంకు పరీక్షలో 'తప్పు ఎక్కడుందో గుర్తించండి' అన్న ప్రశ్నకు జవాబు రాసే పిల్లవాడికి ఈ వాదన అన్నం పెట్టదు. అక్కడ దాన్ని తప్పుగానే లెక్కిస్తారు. అందుకని మాటల్లో చూసీచూడనట్టు పోవచ్చు గాని రాతలో సరిదిద్దుకోవాలి. 'లీవ్ ఫర్' లాంటివి, అర్థమే తిరగబడేవి మాత్రం మాటల్లోనూ వదలకూడదు.

చెన్నై తెలుగువాళ్లకు ఇంకో మెలిక కూడా ఉంది. ఇక్కడ మన తెలుగుకే అరవం వాసన తగిలింది. ఆంధ్రలో 'ఆయన్ని అడుగు' అనేదాన్ని మనలో చాలామంది 'ఆయన దగ్గర అడుగు' అంటారు. 'నాతో చెప్పాడు' అనేదాన్ని 'నా దగ్గర చెప్పినాడు' అంటారు. అరవంలోని 'కిట్ట' అలా మన 'దగ్గర' అయింది. దానికి నేను సిగ్గుపడమని అనను. తరతరాలుగా ఈ ఊళ్లో బతికిన తెలుగు అది. కాకపోతే ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ 'దగ్గర' ఏ 'ఫ్రం'గానో 'టు'గానో మారి 'ఆస్క్ ఫ్రం హిమ్', 'ఆస్క్ టు హిమ్' అని బయటపడుతుంది. ఆస్క్‌కు ఏదీ అక్కర్లేదు: 'ఆస్క్ హిమ్'. టెల్‌కూ అక్కర్లేదు: 'టెల్ హిమ్'. సే అంటే మాత్రం కావాలి: 'సే టు హిమ్'. ఎక్స్‌ప్లెయిన్‌కూ కావాలి: 'ఎక్స్‌ప్లెయిన్ టు మీ'. 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ' అన్నది ఈ ఊళ్లో ఏ ట్యూషన్ సెంటర్లో చెవి ఒగ్గినా వినిపిస్తుంది.

ఆటో, బస్సుల సంగతి కొంచెం సులువు. లేచి నిలబడి నడవగలిగేంత చోటున్న బండి అయితే 'ఆన్': గెట్ ఆన్ ది బస్, గెట్ ఆన్ ది ట్రైన్. ఒంగి దూరి కూర్చోవలసినదైతే 'ఇంటు': గెట్ ఇంటు యాన్ ఆటో. దిగేటప్పుడు బస్సుకు రెండు ఎఫ్‌లున్న 'ఆఫ్', ఆటోకు 'అవుట్ ఆఫ్'. స్టేషనుకు చేరామనాలంటే 'రీచ్డ్ సెంట్రల్', ఏ మాటా లేదు. 'అరైవ్డ్' అంటే మాత్రం 'అరైవ్డ్ ఎట్ సెంట్రల్', ఊరి పేరైతే 'అరైవ్డ్ ఇన్ చెన్నై'.

అసలు ఇంగ్లీషుకు ఈ పితలాటకం ఎక్కడిది? వెయ్యేళ్ల కిందట ఆ భాషకు కూడా మనలాగే నామం చివర విభక్తులుండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. వాటి పనిలో చాలా భాగం మాటకు ముందు నిలబడే ఈ ముక్కల మీద పడింది. మనం మాట వెనక తగిలించేదాన్ని వాళ్లు మాట ముందు పెడతారు. అందుకే ఒక్కొక్క ముక్కకు అంత బరువు.

మరి నేర్చుకునేదెలా? రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం మన ఇళ్లలో 1930ల నుంచి ఉన్న పుస్తకం. ఏ మాట తరువాత ఏది వస్తుందో అందులో వరుసగా జాబితా ఉంటుంది. జాబితా మంచిదే, అనుమానం వస్తే తిరగేసి చూసుకోవడానికి. దాన్ని వల్లె వేయిస్తే నిలవదు. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల కష్టం చూసి, ఏ క్రియను వాక్యంలో ఎలా వాడాలో కూడా చూపించే నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది. మన షాపుల్లో దొరికే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. అందులో క్రియ అర్థం ఒక్కటే చూసి పుస్తకం మూసేయకండి. పక్కన దళసరి అక్షరాల్లో ఆ క్రియ ఏ చిన్న మాటతో జతకడుతుందో ఇచ్చి, కింద వాక్యం కూడా ఇస్తారు. ఆ వాక్యం పైకి చదవండి.

మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు వ్యాకరణ సూత్రాలు చెప్పలేదు. రైళ్ల టైంటేబుల్, ఊరి పటం లాంటివి ముందుంచి, బండి ఎప్పుడు బయల్దేరుతుంది, ఎప్పుడు చేరుతుంది అని ఆలోచింపజేశారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు వ్యాకరణం దానంతటది పట్టుబడుతుందన్నది ఆయన సిద్ధాంతం. 1987లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ఇంగ్లీషు బోధించేవాళ్లు ప్రపంచమంతటా చదివారు. సూత్రాలు అసలే వద్దన్నదానితో నేను పూర్తిగా ఏకీభవించను. పెద్దవాళ్లకు సూత్రం చెబితే పని తొందరగా అవుతుంది. పిల్లల విషయంలో మాత్రం ఆయన చెప్పిందే నిజమనిపిస్తుంది. 'లీవ్ ఫర్' అన్నది ఏ పిల్లవాడికైనా జాబితాలో కన్నా రైళ్ల టైంటేబుల్లోనే బాగా పట్టుబడుతుంది.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకూ, ఇంగ్లీషు చెప్పే పంతుళ్లకూ ఒక మనవి. పిల్లల నోటుపుస్తకాల్లో 'డిపెండ్ – ఆధారపడు', 'సఫర్ – బాధపడు' అని అర్థాలు రాయిస్తున్నారు. రేపటి నుంచి 'డిపెండ్ ఆన్', 'సఫర్ ఫ్రం', 'ఎక్స్‌ప్లెయిన్ టు' అని జతగా రాయించండి. ఏ మాటా అక్కర్లేని డిస్కస్, రీచ్, ఎంటర్ లాంటివాటి పక్కన 'ఏమీ రాదు' అని కూడా రాయించండి. కింద ఆ పిల్లవాడి సొంత వాక్యం ఒకటి ఉండాలి, అది వాళ్ల ఊరి గురించో వాళ్ల ఇంటి గురించో కావాలి. పుస్తకం దిద్దేటప్పుడు అర్థం ఒక్కటే చూసి టిక్కు పెట్టకండి, ఆ వాక్యం కూడా చదవండి.